పురుగు తొలిచిన దారి

పదకొండు కొట్టగానే పిలుస్తామన్నారు. పదకొండు కొట్టింది, గడియారం తన పని తాను చేసి ఊరుకుంది, తలుపు మాత్రం తెరుచుకోలేదు. రిజిస్ట్రారు గది ఎదురుగా ఉన్న ఈ బల్ల మీద ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో నేను కూర్చోవడం ఇది రెండోసారి. మొదటిసారి చేరిన రోజు. అప్పుడూ ఇలాగే ఎదురుగా గోడ నిండా పటాలు, పోయిన పెద్దలందరూ నల్ల గౌనుల్లో వరసగా నిలబడి ఎవరమ్మా నువ్వు, ఇక్కడ నీకేం పని అన్నట్టు చూపులు. పుస్తకాలు కుట్టడానికొచ్చానయ్యా అని అప్పుడు మనసులోనే జవాబు చెప్పుకున్నాను. ఇవాళ ఏం చెప్పుకోవాలో తెలియడం లేదు. లోపల దర్యాప్తు అధికారి ఉన్నాడు. ఆయన బల్ల మీద నేను కుట్టిన పుస్తకం ఉంది. కాదు, నేను కుట్టనిది. చిక్కంతా అక్కడే ఉంది. పుస్తకం భద్రంగా ఉంది, చిరుగు లేదు, లోటు లేదు అని బుధవారం నేను చెప్పిన మాట టైపు చేసి ఉంచారట, సంతకం పెడితే చాలట. పెడితే చక్రం జైలుకు పోతాడు. పెట్టకుండా నోరు విప్పితే తమ్ముడు పోతాడు.

చక్రం అన్నది అతని పేరు కాదు, నేను పెట్టిన ఎగతాళి. మా గ్రంథాలయం నేలమాళిగలో పుస్తకాల అరలు పట్టాల మీద కదులుతాయి. ఒక్కో అర ఇనపగోడంత ఉంటుంది, పక్కనున్న చక్రం తిప్పితే జరిగి మనిషి పట్టేంత సందు తెరుచుకుంటుంది, వెనక్కి తిప్పితే మూసుకుంటుంది. ఇరవై ఆరేళ్ళుగా ఆ చక్రాలు తిప్పేవాడు అతను. నన్ను సూదిపుల్ల అంటాడు. ఎదురుపడితే మా ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. పుస్తకాల మీద టీ కప్పు పెడతాడని నా మంట, కుట్టడానికిచ్చిన పుస్తకం నెలల తరబడి ఇవ్వనని అతని మంట. కానీ అతనికొక నియమం ఉంది. ఎవరు సందులోకి వెళ్ళినా చక్రానికి ఇత్తడి బిళ్ళ తగిలిస్తాడు. బిళ్ళ వేలాడుతున్నంతసేపూ కన్నతండ్రి లేచొచ్చి అడిగినా తిప్పడు. మంగళవారం మధ్యాహ్నం మూడు దాటాక మేమంతా పెద్దాయన అనే ముసలి ఆచార్యుడు పాత జాబితా పుస్తకాలుండే సందులోకి వెళ్ళాడు. బిళ్ళ తగిలించాను, టీకి వెళ్ళాను అంటాడు చక్రం. తిరిగొచ్చేసరికి బిళ్ళ గోడ మేకుకు ఉంది, అర మూసుకుని ఉంది, పెద్దాయన పని చూసుకుని పోయాడనుకున్నాను అంటాడు. ఐదింటికి ఎవరో అడిగిన పుస్తకం కోసం అర తెరిస్తే పెద్దాయన అక్కడే ఉన్నాడు. నిలబడే ఉన్నాడట, పడటానికి చోటు లేక. అర జరిగాకే కింద పడ్డాడట. చూసుకోకుండా తిప్పేసి చంపాడని పోలీసులు, తిప్పలేదు మొర్రో అని చక్రం. మూడు రోజులుగా అతను స్టేషన్లో ఉన్నాడు, నేను ఇంట్లో ఉన్నాను, అన్నం తింటున్నాను, నిద్రపోతున్నాను కూడా, అదే నాకు ఆశ్చర్యం.

ఈ బల్లకే ఆ చివర చక్రం భార్య కూర్చుని ఉంది, ఒళ్ళో గుడ్డసంచి, సంచిలో తిండి డబ్బా. మొగుణ్ణి కూడా ఇవాళ ఇక్కడికే తీసుకొస్తారని ఎవరో చెప్పారట. నన్ను చూసి ముందు మొహం తిప్పుకుంది. కాసేపటికి తనే జరిగి దగ్గరకొచ్చింది. "మీ ఇద్దరికీ పడదని తెలుసు వదినా. అయినా అడుగుతున్నా. ఆయనకి నోరు దురుసుగానీ చెయ్యి దురుసు కాదు. ఇంట్లో ఫ్రిజ్ తలుపు వేసేముందు కూడా లోపలికి తొంగిచూస్తాడు, తెలుసా నీకు?" నవ్వొచ్చింది నాకు, ఈ స్థితిలో. "ఫ్రిజ్‌లో ఎవరుంటారని?" అన్నాను. "నేనూ అదే అడిగా. ఉండరులే, అలవాటు అన్నాడు." తనూ నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "బిళ్ళ తగిలించానంటే తగిలించినట్టే వదినా. ఆయన మాట ఎవరూ వినట్లేదు." నేను నా చేతుల వంక చూసుకుంటూ కూర్చున్నాను.

అలవాటు. చెయ్యి ఒకసారి నేర్చిన పని మనిషికి చెప్పకుండానే చేసుకుపోతుంది. మా అమ్మ ఊళ్ళో బొంతలు కుట్టేది. నా పదేళ్ళప్పుడనుకుంటా, ఎవరింటికో పోతే అరుగు మీద ఆరేసిన బొంత చూసి ఇది పెద్దకోడలి కుట్టు, ఈ మూల నుంచి మాత్రం చిన్నకోడలిది అనేసింది. ఆ ఇంట్లో పెద్ద గొడవైంది, బొంత మొత్తం తనే కుట్టానని పెద్దకోడలు అందరికీ చెప్పుకుందట మరి. దారిలో నేనడిగాను, ఎలా తెలిసిందే అమ్మా అని. నువ్వు వెనకనుంచి వస్తుంటే అడుగుల చప్పుడు విని నువ్వేనని తెలియట్లా, అట్లాగే అంది. తర్వాత తిట్టుకుంది కూడా, తెలిసినదంతా అనకూడదే పిల్లా, ఆ మూల ఒదిలేసి ఉండాల్సింది, ఒక ఇల్లు చల్లగా ఉండేది అని. ఆ రెండు మాటలూ ఒకే రోజు, ఒకే దారిలో చెప్పింది. వాటిలో ఏది పట్టుకోవాలో మాత్రం చెప్పకుండా పోయింది.

పుస్తకమంటే చదివేవాళ్ళకు అక్షరాలు, నాకు మడతలు. నాలుగైదు కాగితాలు కలిపి మధ్యకు మడిస్తే ఒక మడత. అలాంటి మడతలు ఒకదాని మీద ఒకటి పేర్చి వీపున దారంతో కుడితే పుస్తకం. మా విశ్వవిద్యాలయం గర్వమంతా ఒక పాత రాతప్రతి, పన్నెండు మడతలు, ప్రపంచంలో ఇంకొకటి లేదంటారు. ఎవరో పేరు తెలియని కవి రాసిన కావ్యం. ఆ లిపి నాకు రాదు, అందులో పుటల అంకెలూ లేవు. ముప్పై ఏళ్ళ కిందట కుట్లు తెగిపోతే నా బల్ల మీదికొచ్చింది. ఐదు మడతలు కుట్టాను. ఆరోది చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు గోడ మీది ఫోను మోగింది. మా ఆయన గొంతు, పిల్లకు జ్వరం నెత్తికెక్కింది, కళ్ళు తేలేస్తోంది అని. చేతిలోది ఎక్కడ పెట్టానో నాకిప్పటికీ గుర్తు లేదు. పిల్ల బతికింది, ఇప్పుడు దానికో పిల్ల. రెండు రోజుల తర్వాత వచ్చి మిగతావి కుట్టేశాను, వీపుకు జిగురు పెట్టి బరువు కింద ఉంచాను. ఆరాక తెరిచి చూశాను. కావ్యం మధ్యలో ఒక పురుగు ఎప్పుడో, నూరేళ్ళ కిందటో, కాగితాలు తొలుచుకుంటూ పోయింది. సూదిమొనంత బెజ్జం, కొంచెం ఏటవాలుగా, ఒక్కో కాగితానికీ వెంట్రుకవాసి పక్కకు జరుగుతూ. ఐదో మడత చివర ఉన్న బెజ్జం ఆరో మడత మొదట్లో అక్కడ లేదు. ఎక్కడో దూరంగా ఉంది. ఆరూ ఏడూ తారుమారయ్యాయి. మళ్ళీ విప్పితే పాత కాగితం చిరుగుతుంది, చిరిగితే ఉద్యోగం పోతుంది. చేరి నాలుగేళ్ళే, చంటిపిల్లతల్లిని. నోరు మూసుకున్నాను. ఎవరైనా చదివేవాళ్ళు కనిపెడతారులే, చదువుకున్నవాళ్ళు కదా అనుకున్నాను.

వాళ్ళు కనిపెట్టలేదు, మెచ్చుకున్నారు. అదీ నా ఖర్మ. అసలు కథలో ఒకావిడ మొగుడు యుద్ధంలో పోతాడు, తర్వాత ఆవిడ ఏడుస్తుంది. నేను కుట్టిన వరసలో ఆవిడ ముందు ఏడుస్తుంది, తర్వాత వాడు పోతాడు. పెద్దాయన అప్పుడు నడివయసులో ఉన్నాడు, ఆ పుటలకు పెన్సిలుతో అంకెలు వేసి కాలాన్ని తిరగేసిన తొలి కవి అని వ్యాసం రాశాడు. ఇంక చూస్కో. ఏయే దేశాలనుంచో వచ్చేవాళ్ళు. దుఃఖం చావు కంటే ముందే పుడుతుందని ఈ కవికి తెలుసు అని ఒకాయన సభలో మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలోనే కూర్చుండిపోయాడు. నేను వెనక గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాను, అట్ట అంటించిన ప్రతులు అందివ్వడానికి పిలిచారు. ఆ మహాకవి మా పిల్ల జ్వరమయ్యా అని అరుద్దామనిపించింది. బయటికొచ్చి పంపు కింద మొహం కడుక్కున్నాను. నవ్వో ఏడుపో నాకే తెలియలేదు. మా భవనం ముందు ఒక పచ్చిక ఉంది, దాని మీద అడుగుపెట్టే హక్కు ఆచార్యులకే, మిగతావాళ్ళం చుట్టూ తిరిగి పోవాలి. ఆ కావ్యం మీద రాసి రాసి ఆ పచ్చిక తొక్కే అర్హత సంపాదించినవాళ్ళు ఎంతమందో. వాళ్ళు నడుస్తుంటే నేను చుట్టూ తిరిగి పోతూ చూసేదాన్ని. వీళ్ళందరి కాళ్ళ కింద ఉన్నది నా తప్పు. చెబితే గడ్డి కుంగిపోతుంది. ఇన్నేళ్ళు ఇలాగే గడిచాయి, నిజం చెప్పొద్దూ, ఒక్కోసారి కాస్త గర్వంగా కూడా ఉండేది.

తమ్ముడు నాకు తోడబుట్టినవాడు కాదు. ఇరవై రెండేళ్ళ కిందట పరిశోధనకొచ్చిన సన్నపాటి కుర్రాడు. రాతప్రతి మీద పనిచేసేవాడికి అది ఎలా పుట్టిందో తెలియాలని పెద్దాయన వాణ్ణి నా దగ్గర నెల్లాళ్ళు కూర్చోబెట్టాడు. ఎడమచేతివాటం. సూది పట్టుకుంటే నాకు అద్దంలో చూస్తున్నట్టుండేది. కుడిచేత్తో కుట్టరా అని వేళ్ళ మీద కొట్టేదాన్ని, "నా చెయ్యి నా మాట వినదక్కా, నీ మాటేం వింటుంది" అనేవాడు. ఆ మొండితనం చూసి ఒదిలేశాను. ఒక్కో మడత కుట్టడం పూర్తయ్యాక కింది కుట్టులోంచి సూది దూర్చి మూడు చుట్లు చుట్టి ముడి వెయ్యాలి, అది మా అమ్మ ముడి, నేను వాడికొక్కడికే నేర్పాను. నా చుట్లు కుడికి వాలతాయి, వాడివి ఎడమకు. అప్పుడు మొదలు వాడు మా ఇంటి మనిషే. మా ఆయన ఆసుపత్రిలో ఆఖరి రోజుల్లో ఉంటే నేను కునుకు తీసినప్పుడల్లా మంచం పక్క కూర్చున్నది వాడు. ఆయనకు వార్తలు చదివి వినిపించేవాడు, ఆయన నిద్రపోయినా ఆపకుండా. ఆ పుస్తకమే వాడి పెళ్ళాం పిల్లలు. పెద్దాయన ప్రధాన సంపాదకుడు, వీడు సహసంపాదకుడు. ఒక్కో మాట మీద నెలలు కూర్చుని, వివరణలు రాసి, కళ్ళద్దాలు మూడుసార్లు మార్చుకుని, వచ్చే నెల అచ్చుకు వెళ్ళాల్సిన ప్రతి తయారు చేశాడు. దాని మీద పెద్దాయన పేరు పక్కన మొదటిసారి వీడి పేరు. "అక్కా, అట్ట నువ్వే వెయ్యాలి" అన్నాడు మొన్నటికి మొన్న. నీలం గుడ్డ కూడా తీసి పెట్టాను.

మంగళవారం పన్నెండు గంటలకు పెద్దాయన నా గదిలోకొచ్చాడు. ఎన్నడూ రాడు, మెట్లు దిగలేడు. చేతిలో ఆ పుస్తకం, ఫోటోల కట్ట. అచ్చు కోసం వెనక దీపం పెట్టి ఫోటోలు తీయించాడట. వెలుగు పురుగు బెజ్జంలోంచి చుక్కలా వచ్చింది. ఐదో మడత దాకా చుక్కలన్నీ ఒక గీతలో ఉన్నాయి, తర్వాత ఎగిరి దూకాయి. "అమ్మా, పురుగులు దూకుతాయా?" అని అడిగాడు. ఆయన వ్యంగ్యంగా అనలేదు, నిజంగానే అడిగినట్టుంది. ముప్పై ఏళ్ళుగా ఎవరైనా ఆ ప్రశ్న అడుగుతారని చూసీచూసీ అలిసిపోయాను కాబోలు, గబుక్కున చెప్పేశాను. ఫోను, జ్వరం, అన్నీ. కొడతాడనుకున్నాను. ఆయన నా ముక్కాలిపీట మీద కూలబడ్డాడు. తర్వాత నవ్వాడు. ఎనభై ఏళ్ళ మనిషి, పళ్ళు లేని నవ్వు. "అయితే ఆవిడ మొగుడు పోయాకే ఏడ్చిందన్నమాట. అందరిలాగే. అదే బావుందమ్మా" అన్నాడు. విప్పెయ్యి అన్నాడు. కత్తిమొనతో ఒక్కో దారం తెంపి, తడిగుడ్డతో పాత జిగురు నానబెట్టి, కాగితం చిరక్కుండా పన్నెండు మడతలూ వేరు చేసేసరికి మూడైంది. విడివిడిగానే గుడ్డలో మూటగట్టి తీసుకుని, పాత జాబితాలో ఒక్కో మడత మొదటి మాట రాసి ఉంటుంది, సరిచూస్తాను అంటూ కిందికి వెళ్ళాడు. అచ్చు ఆపేస్తానన్నాడు. ఇన్నాళ్ళూ చెప్పింది తప్పని తనే రాస్తానన్నాడు. గుమ్మం దగ్గర ఆగి, నీ పేరు రాయనులే అన్నాడు.

ఆయనటు పోగానే తమ్ముడొచ్చాడు. పెద్దాయనేడక్కా అన్నాడు. కిందికి వెళ్ళాడని చెప్పాను. అక్కడితో ఊరుకున్నా బావుండేది. నా గుండె మీది బండ దిగిన తేలికలో ఉన్నాను, ఆ తేలిక ఎవరితోనైనా పంచుకోవాలి, వీడు తప్ప నాకెవరున్నారు. విప్పేశాం తమ్ముడూ, ఆరూ ఏడూ తారుమారు, తప్పు నాదే అని గుక్కతిప్పుకోకుండా చెప్పాను. వాడు పీట మీద కూర్చున్నాడు. నా సూదులదిండు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు, కుట్టు నేర్చుకునే రోజుల్లో చేసినట్టే. అప్పుడు వాడి మొహం చూసి ఉండాల్సింది. నేను జిగురుగిన్నె కడుగుతూ వాగుతున్నాను. వెనక్కి తిరిగేసరికి లేడు. సాయంత్రం దిండు సర్దుతుంటే పన్నెండు సూదులకు పదకొండే ఉన్నాయి, మైనం పట్టించిన దారపు ఉండ ఒకటి లేదు. అప్పటికే కింద గోలగోలగా ఉంది. ఆ సూది గురించి మూడు రోజులుగా ఆలోచిస్తున్నాను. సూది తీసుకున్నవాడు కుట్టడానికే తీసుకుని ఉంటాడు. ఎవరూ చూడకముందే ఎప్పటిలా కుట్టేసి, కాళ్ళావేళ్ళా పడి పెద్దాయన నోరు మూయిద్దామనుకుని ఉంటాడు. చంపాలని వెళ్ళేవాడు సూదీ దారం జేబులో వేసుకుని వెళ్తాడా? వెళ్ళడు. వెళ్ళడనే అనుకుంటాను.

బుధవారం పొద్దున రాతప్రతుల బీరువా తీయించి, పెద్దాయన ఆఖరుగా చూసిన పుస్తకం క్షేమమేనా చెప్పు అన్నారు నన్ను. నిన్న మూడింటికి ఆయన నా చేతికిచ్చి కిందికి వెళ్ళారు, నేనే బీరువాలో పెట్టాను అని తమ్ముడు అప్పటికే చెప్పి ఉన్నాడు, రిజిస్టరులో సంతకం కూడా ఉంది. ఆ మూడింటికి అది నా బల్ల మీద పన్నెండు ముక్కలుగా ఉందని వాడు కాక ప్రపంచంలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. పుస్తకం తెరిచాను. కుట్టి ఉంది. పాత తప్పు వరసలోనే, పాత బెజ్జాల్లోంచే, నీటుగా, చక్కగా. వీపు దగ్గర వేలు పెట్టి తడిమాను. మూడు చుట్ల ముళ్ళు. అన్నీ ఎడమకు వాలి ఉన్నాయి. పోలీసు, గ్రంథాలయాధికారి, వాళ్ళ వెనక తమ్ముడు, అందరూ నా మొహంకేసి చూస్తున్నారు. భద్రంగా ఉందండీ అన్నాను. నా గొంతే. మా అమ్మ చెప్పిన రెండు మాటల్లో రెండోది పట్టుకున్నాను, ఆ మూల ఒదిలేశాను, ఇల్లు చల్లగా ఉండాలని. ఎవరి ఇల్లు? నా ఇల్లా, తమ్ముడిదా, పచ్చిక మీద నడిచేవాళ్ళదా? ఈ బల్ల చివర కూర్చున్న ఈమె ఇల్లు మాత్రం లెక్కలోకి రాలేదు.

"చూడు వదినా, ఇదొకటి నా ప్రాణానికి" అంది చక్రం భార్య. బరువుకు సంచి పట్టీ ఒకవైపు ఊడిపోయింది. ఇటివ్వు అన్నాను. కళ్ళజోడు పెట్టెలో సూదీ దారం ఎప్పుడూ ఉంటాయి నా దగ్గర. ఆయన్ని తీసుకొచ్చారేమో కనుక్కొస్తానంటూ ఆమె కాపలా మనిషి దగ్గరికి పోయింది. నేను కుట్టడం మొదలుపెట్టాను. అప్పుడొచ్చాడు తమ్ముడు, నడవా చివరనుంచి, చేతిలో నీళ్ళ సీసాతో. మూడు రోజుల గడ్డం. పక్కన కూర్చుని మూత తీసి ఇచ్చాడు. "తాగక్కా. సంతకమే కదా, ఐదు నిమిషాల పని." తాగాను. గొంతు తగ్గించి, "నీ తప్పు సంగతి నాతోనే పోతుంది. ఎక్కడా రానివ్వను" అన్నాడు. నా కోసమేనన్నట్టు. కొంతవరకు నిజంగా నా కోసమే కూడా, అదే బాధ. "మరి చక్రం?" అన్నాను. "నిర్లక్ష్యం కేసక్కా, మహా అయితే ఏడాది. మంచి లాయర్ని నేను చూస్తాను." ఏడాది అనే మాట ఎంత తేలిగ్గా వచ్చింది వాడి నోట. ఒక మాటకు అర్థం తేల్చడానికి ఏడాది కూర్చునేవాడు కదా, వాడికి ఏడాదంటే అంతే.

కుట్టు చివరికొచ్చింది. ముడి వెయ్యాలి. దారం నా సూదిలోంచి జారి జారి పోతోంది. "ఇలా ఇవ్వక్కా" అని తీసుకున్నాడు. ఇచ్చాను. కావాలనే ఇచ్చానా? ఎవరైనా ప్రమాణం చెయ్యమంటే చెయ్యలేను. వాడు తల వంచి, పెదవి కొరుక్కుంటూ, ఇరవై మూడేళ్ళ కుర్రాడిలా, కింది కుట్టులోంచి సూది దూర్చి ఒకటి, రెండు, మూడు చుట్లు చుట్టి లాగాడు. పళ్ళతో దారం కొరికాడు, అలా కొరకద్దని వెయ్యిసార్లు చెప్పాను. సంచి నా ఒళ్ళో పెట్టాడు. నేను ముడి మీద వేలు పెట్టి తడిమాను. ఎడమకు వాలి ఉంది. వాడు నా వేలు వంక చూశాడు, తర్వాత నా మొహం వంక. "బాగా పడిందా?" అన్నాడు. "బాగా పడింది తమ్ముడూ. పుస్తకంలో పడ్డట్టే పడింది" అన్నాను.

వాడు సీసా మూత చేతిలోకి తీసుకున్నాడు. ఎదురుగా పటాల్లో పెద్దలు కూడా ఎటో చూస్తున్నట్టున్నారు. "ఆపు అని ఆయన ఒక్కసారి అంటే ఆపేవాణ్ణే అక్కా" అన్నాడు చివరికి, నాతో కాదు, సీసా మూతతో. "మడతల మూట బయట బల్ల మీదే పెట్టి సందులోకి వెళ్ళాడు. బిళ్ళ తీసి మేకుకు పెట్టాను. కొంచెం తిప్పాను, భయపెడదామని. ఆయన జాబితా చదువుతూనే ఉన్నాడు. పైకి, నాకు వినబడేలా. ఏడో మడత మొదటి మాట, ఆరో మడత మొదటి మాట. ఇంకొంచెం తిప్పాను. చదువుతూనే ఉన్నాడు. ఆపమంటాడని చూశాను." నేను వాడి చెయ్యి పట్టుకున్నాను, ఎడమ చెయ్యి, చల్లగా ఉంది. మా ఆయన మంచం పక్కన కూర్చుని, విన్నా వినకపోయినా వార్తలు చదివి వినిపించింది ఈ మనిషే. ఈ చెయ్యి ఆ మంచం పట్టుకుంది, ఈ చెయ్యే ఆ చక్రం పట్టుకుంది. రెండూ నిజమే. నేను ఏదో ఒకటి దాచి రెండోది చూపించలేను. "లోపలికి నువ్వు ముందు వెళ్తావా, నేను వెళ్ళనా?" అని అడిగాను. వాడు తల అడ్డంగా ఊపాడు. వెళ్ళననో, నువ్వు వెళ్ళొద్దనో. పారిపోతాడేమో అనుకున్నాను, లేవలేదు. గోడకు తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

తలుపు తెరుచుకుంది. బైండింగు ఆవిడ ఎవరు, రావాలి అన్నారు. లేచాను. చక్రం భార్య అప్పుడే వచ్చింది, తీసుకురాలేదట వదినా, మధ్యాహ్నమట అంటూ సంచి కోసం చెయ్యి చాపింది. "ఈ సంచి ఓసారి నాతో రానీ" అన్నాను. "సంచెందుకు? అందులో ఆయన తిండుంది." "తిండి తీసి ఒళ్ళో పెట్టుకో అమ్మా. నాకు ఉత్త సంచి చాలు." నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి డబ్బా తీసుకుంది. తమ్ముడు కళ్ళు తెరవలేదు.

గదిలో ఫ్యాను తిరుగుతోంది. అధికారి చిన్నవాడే, నా కూతురి ఈడు ఉంటాడు. కాగితం నా వైపు తిప్పి, కలం పెట్టి, ఇక్కడమ్మా అన్నాడు. కలం ముట్టుకోలేదు. పుస్తకం దగ్గరకు లాక్కున్నాను, వద్దనబోయి ఊరుకున్నాడు. సంచి పట్టీని దాని వీపు పక్కన పెట్టాను, రెండు ముళ్ళూ పక్కపక్కన. తర్వాత ఐదో మడత తెరిచి, కళ్ళజోడు పెట్టెలోంచి సన్నసూది తీసి పురుగు బెజ్జంలో మొన పెట్టాను. ఒక్కో కాగితమే దాటుకుంటూ, ఎక్కడా తగలకుండా, సూది దానంతటదే దిగింది. మడత చివరికి వచ్చాక గట్టిగా కాగితానికి తగిలి ఆగిపోయింది.

"ఇది ఆగకూడదయ్యా, ఇంకా పోవాలి" అన్నాను. "ఎందుకాగిందో చెప్తాను. ముప్పై ఏళ్ళ కిందట, నా బల్ల దగ్గర, ఫోను మోగింది. అక్కణ్ణుంచి వరసగా రాసుకోండి."